పూత కింది తేదీలు

కొమురయ్య వస్తుంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది. డి.డి.టి. వాసన. ఎన్ని స్నానాలు చేసినా వదిలేది కాదు. సంగారెడ్డి బస్సులో అతను కూర్చుంటే పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచి వెనక్కి పోయేవాళ్లు. "మంచిగైంది సారూ, కాళ్లు సాపుకొని పోవచ్చు" అని నవ్వేవాడు.

మొన్న మాఘంలో అతను పోయాడు. తరువాత వారానికి మా మలేరియా సెక్షన్ గది తాళం తీస్తే, మేకుకు అతని ఖాకీ చొక్కా వేలాడుతూ ఉంది. గదిలోకి అడుగు పెట్టకముందే ఆ వాసన తెలిసింది. దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అతని గురించి రాయడానికి పెద్ద సంగతులేమీ లేవు. పన్నెండేళ్లు ఊళ్ల గోడల మీద దోమల మందు చల్లాడు. అంతే. ఆ పన్నెండేళ్లలో ఒక్కసారి అతన్ని దొంగ అన్నారు. ఆ మాట పడటంలో నా పాలు కూడా ఉంది కాబట్టి రాస్తున్నాను.

పటాన్‌చెరు అవతల మా ఫ్యాక్టరీ కట్టడానికి తీసుకున్న భూముల్లో ఈదులగూడెం వాళ్ల జొన్న చేలు పోయాయి. కొమురయ్యవి రెండెకరాలు. అవి ఇప్పుడు ఇనుము పోతపోసే షెడ్డు కింద ఉన్నాయి. భూమి పోయినవాళ్లకు ఇంటికో కొలువు అన్నారు. ఇచ్చారు కూడా. కొందరిని గేటు దగ్గర పెట్టారు, కొందరికి చీపుర్లు ఇచ్చారు. కొమురయ్యను నా దగ్గరకు పంపారు.

నేను అమలాపురం పక్కనుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వచ్చింది అరవై ఆరులో. అంతకుముందు ఏడాది ఫ్యాక్టరీలో పెద్ద జ్వరాలు. ఒక్కో షిఫ్టులో మూడో వంతు మనుషులు చలిజ్వరంతో పడుకున్నారు. కారణం దూరాన లేదు. ప్రహరీ కట్టడానికి, క్వార్టర్లు కట్టడానికి ఇటుకలు కావలసి వచ్చాయి. ఇటుకలకు మట్టి తవ్వారు. తవ్విన గుంతలు గోడ పొడవునా అలాగే వదిలేశారు. వాన పడితే అవన్నీ చిన్న చిన్న కుంటలు. దోమలకు అంతకన్నా ఏం కావాలి?

యాజమాన్యం మలేరియా సెక్షన్ పెట్టింది. ఒక గది, ఒక సూక్ష్మదర్శిని, రెండు చేతిపంపులు, మందు బస్తాలు, ఐదుగురు మనుషులు. గోడ లోపల చల్లితే చాలని మొదట అనుకున్నారు. దోమకు మన గోడ అడ్డం కాదు కదా అని ఫ్యాక్టరీ డాక్టరు గట్టిగా పట్టుబట్టి, గోడ బయటి మూడు ఊళ్లనూ జాబితాలో చేర్పించాడు. అందులో ఈదులగూడెం ఒకటి. దయ కొంత, అవసరం కొంత. ఏది ఎంతో నేను చెప్పలేను. కానీ ఆ రోజుల్లో ఇంకే ఫ్యాక్టరీ అయినా తన గోడ దాటి ఒక బకెట్టు మందు పంపినట్టు నేను వినలేదు.

పంపు కొట్టేవాడు ఓదెలు. గొట్టం పట్టుకుని గోడకు చల్లేవాడు కొమురయ్య. ఓదెలు నోరు ఊరుకునేది కాదు.

"కష్టం నాది, పేరు వీనిది సారూ. నేను పంపు గొట్టి గొట్టి రెక్కలు వడిపోతున్నయి. వీడు పెండ్లికొడుకు లెక్క నిలవడి పన్నీరు జల్లుతడు."

"నువ్వు జల్లితే గోడకు వడదు, ఇంటోళ్ల మొకాన వడతది" అనేవాడు కొమురయ్య.

గోడకు మూరెడు దూరంలో గొట్టం పట్టుకోవాలి, పైనుంచి కిందికి ఒకే తీరున జరపాలి, చార చారకూ మధ్య ఖాళీ ఉండకూడదు. ఇదంతా నేను రెండు రోజుల్లో నేర్పాను. అతను నాలుగో రోజుకు నాకన్నా బాగా చేశాడు. చేను దున్నే మనిషికి నాగటి చాలు తప్పకుండా పోవడం కొత్త కాదు మరి. చల్లడం అయ్యాక రేకులో కత్తిరించిన అంకెల మీద జేగురు రంగు అద్ది, లోపలి గోడ మీద నెల, ఏడాది అచ్చు వేయాలి. కొమురయ్యకు చదువు రాదు. కానీ ఆ అంకెలంటే ఎంత ఇష్టమో! వంకర పోకుండా, రంగు కారకుండా వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకునేవాడు.

"తేదీ వడితేనే పని అయినట్టు సారూ. లేకుంటే కొట్టినమో లేదో గోడకేం ఎరుక?"

ఏడాదికి రెండు విడతలు, జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. విడత విడతకూ తన ఇల్లు మాత్రం అందరికన్నా ఆఖరున చేసేవాడు. గింజల గుమ్మి పక్కన గోడ మీద, ప్రతిసారీ ఒకే చోట అచ్చు వేసేవాడు.

నేను అతనికి అన్నీ చెప్పాను. మందు ఎంత కలపాలో చెప్పాను, ఎంతసేపు కలియబెట్టాలో చెప్పాను. గోడ మీద మందు దోమను ఎలా చంపుతుందో మాత్రం చెప్పలేదు. అతను అడగలేదు. చెప్పవలసిన సంగతని నాకు తట్టలేదు.

అరవై ఎనిమిది కార్తీకంలో కొమురయ్య భార్య ముత్యమ్మకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు మాట పడిపోయింది. ఫ్యాక్టరీ జీపులో వేసుకుని పటాన్‌చెరు దాటేలోపల ప్రాణం పోయింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. రెండేళ్ల కూతురు సంగమ్మను కొమురయ్య తల్లి బీరమ్మ చంకనేసుకుంది.

దినాలు అయిన మర్నాడే కొమురయ్య పనిలోకి వచ్చాడు. పంపు కడుగుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "నా ఇంటికి నేనే కొట్టిన గద సారూ. అందరిండ్లకన్న ఎక్కువనే కొట్టిన. మరెట్లయింది?"

"మందుతో అన్నీ ఆగవు కొమురయ్యా" అన్నాను. ఏదో ఒకటి అనాలి గనుక అన్నాను. అతను సరేనన్నట్టు తలూపి పంపు బోర్లించాడు.

డెబ్భైలో వానలు ఎక్కువ. సెప్టెంబరులో రెండో విడత మందు చల్లాల్సిన సమయానికి మా నాన్నకు బాగాలేదని తంతి వచ్చింది. ఊరు వెళ్లి పదిహేను రోజులకు తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఈదులగూడెంలో మందు చల్లడం అయిపోయింది. తనిఖీ చేసినట్టు సంతకం పెట్టే కాగితం బల్ల మీద ఉంది. వెళ్లి చూడకుండానే పెట్టాను. కొమురయ్య పని కదా, చూడటమెందుకు అనుకున్నాను.

ఆ నెలాఖరులో ఊరివాళ్ల వేలికొనలు పొడిచి తెచ్చిన రక్తపు చుక్కలు పరీక్ష చేస్తే, నూటికి ఇరవై మందిలో మలేరియా కనబడింది. గోడ లోపల కూలీల ఇళ్ల లైన్లలో నూటికి ముగ్గురే. ఒకటే మందు, ఒకటే పంపు, ఒకటే మనిషి. ఇలా ఎందుకుందని మా పరిపాలనాధికారి రామలింగేశ్వరరావు గారు అడిగారు. ఆయన చెడ్డవారు కాదు. లెక్క తప్పితే నిద్రపట్టని మనిషి. అదే వారం పటాన్‌చెరు అంగడిలో నల్లుల మందని ఎవరో తెల్లపొడి పొట్లాలు అమ్ముతున్నారని ఆయన చెవిన పడింది. రెండూ ఆయన మనసులో కలిశాయి.

నన్ను వెంటబెట్టుకుని స్వయంగా ఈదులగూడెం వచ్చారు. బతుకమ్మ మొదలై రెండో రోజు. వాకిళ్ల ముందు తంగేడు పూలు, గునుగు పూలు కుప్పలు. ఊరంతా పచ్చి ఎర్రమట్టి వాసన.

మొదటి ఇంట్లో లోపలి గోడ మీద అచ్చు లేదు. రెండో ఇంట్లోనూ లేదు. ఐదిళ్లు తిరిగాం. ఎక్కడా తెల్లచారలు లేవు, అంకెలు లేవు. నున్నగా కొత్తగా ఎర్రమట్టి, పెండ కలిపి పూసిన గోడలు. కింద అడుగు భాగాన సున్నంతో గీతలు, మధ్యలో చుక్కలు. కొమురయ్య మా వెనకే వస్తున్నాడు.

"మూడు వారాల కింద మందు కొట్టినట్టు రాసి ఉంది. ఏదయ్యా?" అన్నారు అధికారి.

"పూత కింద ఉన్నది సారూ. పండుగకు పూసుకున్నరు."

"ఎవరు పూశారు?"

"ఎవలిండ్లు వాళ్లు. మా అవ్వ ముందుండి పూపిస్తది."

ఆయన నవ్వారు. "బాగుంది. కొడుకు కొట్టకుండా వదిలేసిన గోడలన్నీ తల్లి పూసిపెట్టిందన్న మాట. పొడి అంగడికి పోయింది, మట్టి గోడకెక్కింది."

కొమురయ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు చూశాడు. నేను చూసి వచ్చానని చెబితే అక్కడితో అయిపోయేది. ఏ విడతైనా చల్లిన రెండు మూడు రోజుల్లో నేను వచ్చి అచ్చులు చూసేవాణ్ణి. నెల తరువాత ఆ గోడలు ఎలా ఉంటాయో చూసే పని నాకు ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు. ఈసారి అసలు రాలేదు. నా సంతకం అబద్ధమని ఒప్పుకోవాలి. నోరు రాలేదు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ క్షణంలో నాకూ అనుమానం కలిగింది.

"గీకి చూద్దాం" అన్నారు అధికారి, ఇంటిగోడ మీద వేలు పెట్టి.

కొమురయ్య అడ్డం వచ్చాడు. "వద్దు సారూ. గౌరమ్మను నిలవెట్టినంక పూత గీకొద్దు. ఇంటికి మంచిది గాదు. సద్దుల బతుకమ్మ దాటనియ్యండ్రి, నేనే గీకి సూపిస్త."

"వారం రోజుల్లో కింద మందు కూడా వచ్చి చేరుతుందిలే" అని ఆయన వెనుదిరిగారు. జీపెక్కుతూ నాతో అన్నారు. "సోమవారం పొద్దున రిపోర్టు నా బల్ల మీద ఉండాలి. మనిషిని తీసేద్దాం. ఈ ఊరినీ జాబితాలోంచి తీసేద్దాం. ఇక్కడ పోసిన మందు దండగ."

జీపు వెనకాల, మాతో వచ్చిన ఓదెలు ఒక్కడే గొణిగాడు. "పంపు నేనే గొట్టిన గద. నన్నొక్క మాట అడగడేంది?" ఆ మాట నిజమే. ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున కొమురయ్య వాంగ్మూలం రాసుకుని వేలిముద్ర తీసుకుందామని మళ్లీ ఈదులగూడెం వెళ్లాను. అతను వాకిట్లో కూర్చుని పంపు వాషరుకు నూనె పెడుతున్నాడు. ఆదివారం పని లేదు. అయినా పెడుతున్నాడు. ఒళ్లో సంగమ్మ తంగేడు పూలు తెంపుతూ ఉంది.

బీరమ్మ చేనునుంచి గునుగు పూల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మోపు దించి నా చేతిలో కాగితం చూసింది.

"ఏంది సారూ గది?"

చెప్పాను. తిప్పితిప్పి చెప్పాను. ఆమెకు తిప్పుళ్లు అక్కరలేకపోయింది.

"కొలువు తీసేస్తరా?"

"అలాగే ఉంది."

"భూమి గుంజుకుంటిరి. కోడలు పాయె. గీ పోరిని ఏం వెట్టి సాదాలె?" కొంగుతో చెమట తుడుచుకుంది. "కొలువు సంగతి ఆనక. దొంగ అన్నరా నా కొడుకును?"

నేను కాగితాన్ని మడత పెట్టాను.

"తిన్నాథ సారూ, నిన్నే అడుగుతున్న. దొంగ అన్నరా, అన్లేదా?"

"అన్నారు" అన్నాను. త్రినాథరావు అనే నా పేరు ఆమె నోట ఎప్పుడూ అలాగే వచ్చేది. ఆ వేళ అది వింటుంటే తల వంగిపోయింది.

బీరమ్మ లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు ముంచి, చూరులోంచి కొడవలి తీసింది. కొమురయ్య గబగబా లేచాడు.

"వద్దే అవ్వా! పండుగ నడుమల గోడ ఎట్ల గీకుతవే? ఇరుగుపొరుగు ఏమంటరు?"

"గౌరమ్మ నా ఇంట్లనే ఉన్నది. నా కొడుకు సంగతి ఆమెకు తెల్వదా? సారుకు తెల్వదు. సారుకు సూపియ్యాలె గద."

గుమ్మి పక్కన గోడ మీద చెంబెడు నీళ్లు కుమ్మరించింది. మూడు రోజుల కింద తన చేత్తోనే పూసిన గోడ. సున్నపు చుక్కలు చెదిరి కారిపోయాయి. పూత నానేదాకా నిలబడి, కొడవలి వెనుకంచుతో మెల్లగా గీకింది. ఎర్రమట్టి చెక్కలు చెక్కలుగా ఊడింది. కింద తెల్లటి పొర. ఆ పొర మీద, రంగు కొంచెం పోయినా స్పష్టంగా, జేగురు అంకెలు. 9-70.

"సూడు సారూ. సదువొచ్చినోనివి. ఏమున్నది?"

"ఉంది" అన్నాను. "చాలు అవ్వా, ఇక ఆపు."

ఆమె ఆపలేదు. ఆ అంకెలు చెరగకుండా, వాటి అంచున ఇంకో చెంబు పోసింది. తెల్లపొర కింద పాత మట్టి, దాని కింద ఇంకో తెల్లపొర. 9-69. మళ్లీ గీకింది. 9-68. కాస్త పక్కకు జరిగినా ఒకే చోట, ఒకదాని కింద ఒకటి. వాటి పక్కన జూన్ విడత అచ్చులు. మూడేళ్ల అతని పనంతా ఆ జానెడు గోడలో వరసగా ఉంది. కొమురయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. సంగమ్మ ఊడిపడిన మట్టి చెక్కలు ఏరి కుప్ప పెట్టుకుంటోంది.

నేను రాసుకొచ్చిన కాగితం చింపి, క్వార్టర్సుకు పరుగులాంటి నడక నడిచాను. రామలింగేశ్వరరావు గారి ఇంటికి పోయి, చూడకుండా సంతకం పెట్టానని మొదట ఒప్పుకున్నాను. తరువాత గోడ సంగతి చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని నాతో నడిచి వచ్చారు.

గోడ ముందు వంగి అంకెలు చదివారు. తెల్లపొర మీద వేలు రాసి చూసుకున్నారు. కొమురయ్యతో "పని మానొద్దు, రేపు రా" అన్నారు. క్షమాపణంటే ఆయనకు తెలిసింది అంతే. తరువాత నా వైపు తిరిగి, తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "అయితే నాలుగేళ్లుగా మనం కొట్టిన మందంతా మట్టి కిందే ఉందన్న మాట."

ఆ మాటతో నాకు చప్పున అర్థమైంది. ఏటా వానాకాలం మొదట్లో ఈ ఊళ్లో జ్వరాలు తగ్గేవి. జూన్‌లో కొట్టిన మందు రెండున్నర నెలలు గోడ మీద ఉండేది. బతుకమ్మ దాటాక జ్వరాలు మళ్లీ పెరిగేవి. సెప్టెంబరులో కొట్టినది మూడు వారాలు కూడా ఉండేది కాదు. కూలీల లైన్లు ఇటుక గోడలు, అక్కడ పూసేవాళ్లు లేరు. కాగితాల మీద ఇదంతా నా కళ్ల ముందే ఉంది. నేను చదవలేదు.

"పూస్తే ఏమైతది సారూ?" బీరమ్మ అడిగింది. "మందు చచ్చిపోతదా?"

అప్పుడు చెప్పాను, నాలుగేళ్ల కిందట చెప్పవలసిన సంగతి. దోమ మనిషిని కుట్టి, రక్తం తాగి, బరువెక్కి, దూరం పోలేక అదే గది గోడ మీద వాలుతుంది. వాలినప్పుడు కాళ్లకు మందు అంటి చచ్చిపోతుంది. గోడ మీద మట్టి ఉంటే మట్టి మీద వాలుతుంది. హాయిగా లేచి ఇంకొకరి దగ్గరకు పోతుంది.

కొమురయ్య నోరు తెరిచి విన్నాడు. "నేను అట్ల అనుకోలె సారూ. మందు గోడలకు ఇంకి లోపట్నుంచి పనిజేస్తదనుకున్న. చేన్ల ఎరువు లెక్క. మీద మన్ను వడితే ఇంక మంచిదే గద అనుకున్న."

అతని తప్పు అది. మట్టితో బతికిన మనిషి మట్టిని నమ్మాడు.

బీరమ్మ గోడ దగ్గరకు పోయింది. అన్నిటికన్నా కింది అచ్చు మీద వేలు పెట్టింది. "ఇది ఏ యాడాదిది?"

ఆమెకు అంకెలు రావు కానీ ఎన్ని పూతలు గీకిందో లెక్క తెలుసు.

"ముత్యమ్మ పోయిన యాడాదిది గాదు కొడుకా?"

"అవునే."

"గా యాడాది గుడ నేనే పూసిన. ఆమె నీళ్లందిస్తుంటే నేనే పూసిన." కొడవలి చేతిలోంచి జారి కింద పడింది. కొడుకు పేరు నిలబెట్టడానికి గీకిన గోడ, అట్టడుగున ఆమెనే నిలదీసింది. అధికారి గారు వాకిట్లోకి పోయి నిలబడ్డారు.

కొమురయ్య వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు. "నువ్వు పూసినవ్. నిజమే. పూయొద్దని నేను చెప్పిన్నా? చెప్పలే. నాకు సారు చెప్పిండా? చెప్పలే. గోడ పొంటి గుంతలు ఎవలు తోడిండ్రు? ఫ్యాక్టరోళ్లు. గిందరం ఉన్నమే అవ్వా. నువ్వొక్కదానివే ఏడిస్తే ఎట్ల?"

అధికారి గారికి ఆ మాట వినబడింది. గుంతలు పూడ్చడానికి డబ్బు లేదని రెండేళ్లుగా చెబుతున్నది ఆయనే. మరుసటి ఎండాకాలంలో ట్రాక్టర్లు వచ్చాయి. అన్నీ పూడలేదు. ఊరివైపువి పూడాయి.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు బీరమ్మ ఇంట్లో ఆ గోడ గీకింది గీకినట్టే ఉందట. గౌరమ్మను దాని ముందే పెట్టిందట. ఇరుగుపొరుగు ఏమన్నా ఆమె దాన్ని మళ్లీ పూయలేదట. ఓదెలు చెప్పాడు.

మరుసటి ఏడు మేం విడత తేదీలు మార్చాం. బతుకమ్మకు ముందు ఊరు పూసుకోవడం అయ్యాకే మందు కొట్టాలన్నాం. ఇది కాగితం మీద తేలిక. ఊళ్లో ఆడవాళ్లు కొట్లాటకు వచ్చారు.

"పండుగకని పూసుకున్న గోడ మీద తెల్లగ చారలు కొడతరా? ఇల్లా అది, బర్రె ఒళ్లా?" అంది ఇందిరమ్మ అనే ఆమె, గుమ్మానికి అడ్డం నిలబడి. "ఏం మందు కొమురయ్యా నీది? నల్లులు గుడ చస్తలేవు. మొన్నటేడు నీ మందు దాగి ఇంకింత బలిసినయి."

"నల్లులను నేను సాదుతలే వదినే, నీ మంచమే సాదుతున్నది" అన్నాడు కొమురయ్య. అందరూ నవ్వారు, ఇందిరమ్మ గుమ్మం వదలలేదు.

బీరమ్మ వచ్చింది. "ముంగటి గోడ మనది. వాకిలి మనది. గౌరమ్మను వెట్టే గోడ ముంగట ముగ్గులేసుకో, జాజు వెట్టుకో, ఎవడు తాకడు. లోపటి గోడలు మందుకు ఇడువు. దోమ వాలేది లోపట. చుట్టాలు కూసునేది ముంగట. లోపట ఎవలు సూడొచ్చిండ్రు నీ చారలు?"

"నువ్వు ఇడుస్తున్నవా?"

"నా ఇల్లు సూసుకపో."

ఇందిరమ్మ పోయి చూసింది. తిరిగి వచ్చి గుమ్మం వదిలింది. అప్పటినుంచి అదే పద్ధతి. ముందు పూత, తరువాత మందు, ముంగటి గోడ పండుగది. మిగతా రెండు ఊళ్లకూ అదే చెప్పాం. చెప్పడానికి నేను పోలేదు, బీరమ్మ పోయింది. కొమురయ్య నాలుగు రోజుల ముందే వాడ వాడ తిరిగేవాడు. "పూసుకున్నరా? జల్దీ పూసుకోండ్రి, ఎల్లుండి వస్తున్న. నేనొచ్చినంక పూసిండ్రంటే మా అవ్వ కొడవలి వట్టుకొని వస్తది." రెండేళ్లలో నూటికి ఇరవై కాస్తా నాలుగైదుకు దిగింది. ఊరు జాబితాలో ఉండిపోయింది.

ఇదంతా ఇలాగే మంచిగా సాగిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. డెబ్భై అయిదు వచ్చేసరికి మందు పట్టు సడలింది. దేశమంతటా మళ్లీ జ్వరాలు పెరిగాయి. పెద్ద డాక్టర్లు దానికి కారణాలు రాశారు. కొమురయ్యకు అంతకుముందే తెలుసు. ఒకరోజు చల్లిన గోడ మీద వాలిన దోమను చాలాసేపు చూసి అన్నాడు. "ఇది చస్తలేదు సారూ. కాళ్లు తుడుసుకొని పోతున్నది." ఆ తరువాత పంపుతోపాటు మాత్రల డబ్బా కూడా మోశాడు. జ్వరం వచ్చినవాళ్ల ఎదురుగా నిలబడి, మాత్ర మింగి నీళ్లు తాగేదాకా కదిలేవాడు కాదు. చేదని మొహం తిప్పుకున్న ముసలివాళ్లతో, "మింగు తాతా, ముత్యమ్మ నాడు ఇది ఉంటే మింగకపోవునా" అనేవాడట. నా ఎదుట ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు.

పోయిన ఏడాది చివర్లో దగ్గు పట్టుకుంది. మేము ఇచ్చిన ముక్కుగుడ్డ ఎన్నడూ కట్టుకోలేదు. అది కట్టుకుంటే ఆడవాళ్లు దొంగనుకుంటారని నవ్వేవాడు. మూడు నెలలు మంచాన ఉండి పోయాడు. దగ్గుకు ఆ పొడే కారణమా అని డాక్టరును అడిగాను. ఆయన చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను.

పదకొండో రోజు ఈదులగూడెం వెళ్లాను. చావు అంటు పోవడానికి ఇల్లంతా పూశారు. పచ్చి ఎర్రమట్టి వాసన మళ్లీ. ఈసారి పూసింది సంగమ్మ. పన్నెండేళ్ల పిల్ల, మోచేతుల దాకా మట్టి. బీరమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఎక్కడ చెయ్యి ఎట్లా తిప్పాలో చెబుతోంది. నడుం వంగిపోయింది.

లోపలికి పోయాను. నాలుగు గోడలూ నున్నగా, కొత్తగా ఉన్నాయి. గుమ్మి పక్కన మాత్రం రెండు జానల మేర పూయకుండా వదిలారు. తెల్లచారలు పాతబడి మాసిపోయి ఉన్నాయి. మధ్యలో, వంకర పోకుండా, రంగు కారకుండా, 9-77.

"అవ్వా, ఆ మందు పని ఎప్పుడో అయిపోయింది. దానిలో ఇప్పుడేమీ లేదు. పూసుకోవచ్చు" అన్నాను.

"ఎరుకే సారూ."

"మరి?"

బీరమ్మ కొంగు సర్దుకుంది. "రేపు ఎవలన్న అడుగుతే సూపియ్యాలె గద" అంది. సంగమ్మకేసి తిరిగి, "గా మూలకు చెయ్యి ఆన్లే బిడ్డా, ఇంకింత నీళ్లు వొయ్యి" అంది.